లారీ బోల్టు ముంచిన నీళ్లు

రోడ్డు దాటాలంటే గుండె గొంతులోకి వచ్చేవాణ్ని మెదక్‌లో నేనొక్కణ్నే అని చాలా నెలలు అనుకున్నాను. నాలాంటివాళ్లు ఇంకెక్కడైనా ఉంటే, ఇది వాళ్లకోసం. కాలు విరిగితే నలుగురికీ చెప్పుకోవచ్చు, నలుగురూ బత్తాయిలు పట్టుకుని వస్తారు. భయం పట్టుకుంటే ఎవరికి చెప్పుకోవాలి? అందులోనూ నేను బెత్తం పట్టుకునే హైస్కూలు మాస్టర్ని.

ముందే ఒక మాట చెప్పాలి. ఉన్నదాన్ని కాస్త సాగదీసి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చింది. మా ఇంట్లో బల్లి కనిపిస్తే నేను బడికి చేరేలోపు అది ఉడుమయ్యేది, సాయంత్రానికి మొసలి. కాబట్టి నా మాటల్లో మీకు తోచినంత తరుగు తీసుకోండి. భయం గురించి చెప్పే చోట మాత్రం తీయకండి. అక్కడ నేను తగ్గించే రాశాను.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడెనిమిదేళ్లయింది. మెదక్‌లో లారీ వస్తే ఇంకా జనం తలుపుల్లోంచి తొంగిచూసే రోజులు. మా ఇల్లు పెద్దరోడ్డుకి ఈ పక్క, బడి ఆ పక్క. మధ్యనున్న రోడ్డుని నేను పెళ్లైన నాటి నుంచీ రోజూ దాటుతూనే ఉన్నాను. దాటుతూ పాఠం నెమరువేసుకునేవాణ్ని, ఎదురొచ్చినవాళ్లతో పరాచికాలాడేవాణ్ని. దాటుతున్నానన్న సంగతే నాకు తెలిసేది కాదు.

ఆషాఢంలో ఒక పొద్దున సన్నగా తుంపర పడుతోంది. రామాయంపేట సేటు ఒకాయన కొత్త లారీ కొన్నాడు. ఆ పొద్దునే పూజ చేయించి, బంతిపూల దండలు వేసి, చక్రానికో నిమ్మకాయ పెట్టి తొక్కించారట. లెక్కలో మిగిలిపోయిన నిమ్మకాయని నేను. అద్దం మీదికి జారిన పూలదండని డ్రైవరు ఒక చేత్తో పక్కకి లాగబోయాడు. తడి రోడ్డు మీద లారీ పక్కకి జారింది. నాకు కనిపించింది మాత్రం, మన ఖిల్లా గుట్ట మీద ఒక బురుజుకి కాళ్లొచ్చి, మెళ్లో పూలు వేసుకుని, పెళ్లికి తరలి వస్తున్నట్టు. తర్వాత ఆకాశం కనిపించింది. నా గొడుగు నన్ను వదిలేసి తన దారిన తాను పోయింది.

డ్రైవరు పేరు యాదగిరి. రేగోడ్ దిక్కు పిల్లవాడు, మీసాలు ఇంకా సరిగా కుదురుకోలేదు. పారిపోతాడనుకున్నాను. పారిపోలేదు. నన్ను రెండు చేతుల మీదికెత్తి అదే లారీలో పడుకోబెట్టాడు.

"సార్, కండ్లు మూయకుండ్రి. నన్నే సూడుండ్రి. ఇగ వచ్చినం, గిదే దవాఖానా" అంటూ దారి పొడుగునా హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆ మోత నా చెవిలో కాదు, కడుపులో పడింది. పడి అక్కడే ఉండిపోయింది. ఆ సంగతి నాకు తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

దవాఖానా వరండా గురించి ఏమని చెప్పను. అక్కడ కాలం నడవదు, పాకుతుంది. నా పక్క మంచం మీది మనిషికి మోకాలి కింద ఏమీ లేదు. అతను ప్రతి పొద్దున లేని పాదాన్ని గోక్కోబోయి ఆగిపోయేవాడు. అది చూసి నేను దుప్పటి కింద నా కాలి వేళ్లు కదిపి చూసుకునేవాణ్ని. కదిలేవి. మళ్లీ నమ్మకం పోయేది, మళ్లీ కదిపేవాణ్ని. డాక్టరుగారి బూట్ల చప్పుడు వినిపిస్తే చాలు, రంపం తెస్తున్నారనిపించేది.

రత్నమ్మ అని ఒక నర్సు ఉండేది. ఆదివారం చర్చి నుంచి నేరుగా తెల్లచీరతో డ్యూటీకి వచ్చేది. నేను వేళ్లు కదుపుకోవడం చూసి ఒకనాడు మంచం అంచున కూర్చుంది.

"సార్, గట్ల గంటకోసారి హాజరు తీసుకోకుండ్రి. మీ కాలు మీకే ఉంటది. పక్కోల్లకియ్యం" అంది. తన టీలో సగం గిన్నె మూతలో పోసి నాకిచ్చింది. ఆ రోజు తర్వాత హాజరు కొంచెం తగ్గించాను.

అనసూయ, అంటే నా భార్య, ఇంటికీ దవాఖానాకీ మధ్య నలిగిపోయింది. నా మీద కోపమొచ్చినా అరవడానికి వీల్లేని పరిస్థితి ఆమెకి అంతకుముందెప్పుడూ రాలేదు. అందుకని బత్తాయి తొక్కలు గట్టిగా వలిచేది.

ఊళ్లో దావాలు నడిపే వకీల్ సాబు ఒకాయన కూడా అక్కడికే వచ్చాడు. పాన్ నములుతూ నా పిండికట్టుని వేలితో టకటకలాడించి, గుమ్మడికాయ బేరమాడేవాడిలా తల పంకించాడు.

"మాస్టర్ సాబ్, కానూన్ల కన్నుకో రేటు, కాలుకో రేటు ఉంటది. సేటు మీద దావా ఏస్తం. ఒక్కటి యాదికుంచుకోండ్రి. కాలు వంకరున్నంత కాలమే కేసు సక్కగుంటది."

అర్జీలో నా కాలు శాశ్వతంగా పనికిరాకుండా పోయిందని రాశాడు. సంతకం చేశాను. ఆయన రాసిందే నిజమైతే నా గతేం కాను? నిజం కాకపోతే మాత్రం నా గతేం కాను? బాగుపడితే దావా పోతుంది, దావా గెలిస్తే కాలు పోయినట్టు. ఏ వైపు చూసినా భయమే.

దసరా దాటాక కట్టు విప్పారు. కాలు సన్నబడి, తెల్లబడి, పొట్లకాయలా ఉంది. ఆ నెలంతా మా వాకిట్లో గోడ పట్టుకుని నడిచాను. కార్తీకం నాటికి గోడ వదిలేశాను. బడి నుంచి హెడ్మాస్టరుగారు కబురు పంపారు. సెలవు శివరాత్రి దాకానే, ఆలోపు వచ్చి చేరకపోతే నా చోట్లో ఇంకొకరిని వేయక తప్పదు, తన చేతిలో ఏమీ లేదు అని. ఆయన మంచివాడే. సగం జీతంతో అప్పటికే మా పొయ్యి సగమే మండుతోంది. ఆ ఉద్యోగం కూడా పోతే ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?

మర్నాడు తలకి నూనె రాసుకుని, ఉతికిన ధోవతి కట్టుకుని బయల్దేరాను. రోడ్డు అంచుకి వచ్చాను. రోడ్డు మీద పిట్ట కూడా లేదు. కుడికాలు ఎత్తాను. అది కిందికి దిగలేదు.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. నోట్లో నాలుక అట్ట ముక్కలా అయింది. వీపు మీద చెమట పాకింది. ఎటు చూస్తే అటు నుంచి కాక, చూడని వైపు నుంచి ఏదో వస్తోందనిపిస్తోంది. అటు తిరిగితే ఇటు నుంచి. ఎక్కడో దూరంగా హారన్ మోగింది. అది నా కడుపులోంచే మోగిందనుకున్నాను. ఎదురుగా బడి గేటు కనిపిస్తోంది, ప్రార్థన వినిపిస్తోంది. మధ్యనున్న రోడ్డు వానాకాలపు మంజీరలా ఉంది. నేను వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చి, కాలు నొప్పిగా ఉందని పడుకున్నాను.

ఆ రోజు నుంచి కాలు నొప్పే నా దుప్పటి. ఎవరడిగినా అదే కప్పుకున్నాను. చేతికర్ర పట్టుకుని ఇంట్లో కుంటుతూ తిరిగాను. చూడటానికి వచ్చిన వకీల్ సాబు ముచ్చటపడిపోయాడు. "మస్తు కుంటుతున్నరు మాస్టర్ సాబ్. జడ్జి ముంగట గూడ గిట్లనే" అన్నాడు.

దొరికిపోయింది ఒక మేక వల్ల. మా పెరట్లో ఆరేసిన నా ఒక్క మంచి ధోవతిని పక్కింటి మేక నములుతోంది. నేను కర్ర పారేసి, బావి చుట్టూ దాని వెంటపడ్డాను. రెండు చుట్లు తిరిగాక చూస్తే అనసూయ గడపలో నిలబడి ఉంది. మేక నాకంటే ముందు సిగ్గుపడి వెళ్లిపోయింది.

"కాలు మంచిగనే ఉన్నది గదా" అంది. "మరేందయ్యా మీకు?"

నేను ఏ కథైనా చెప్పగలను. ఆ క్షణంలో ఒక్కటీ తట్టలేదు. "రోడ్డు" అన్నాను. "రోడ్డు దాటలేను."

నా మాటలకి నవ్వే విషయంలో అనసూయ ఎప్పుడూ పిసినారి కాదు. అప్పుడు నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాకా తీసుకెళ్లింది. రెండడుగులు దింపింది కూడా. అంతలో మలుపులో మోటారు లాంటి గడగడ చప్పుడైంది. నేను ఆమె చెయ్యి విడిపించుకుని అంచున బురదలోనే కూలబడిపోయాను. చెవులు మూసుకున్నానని అనసూయే తర్వాత చెప్పింది. వచ్చింది జీపు కూడా కాదు, పిండిగిర్ని ఇంజన్ని ఎడ్లబండి మీద పెట్టి తోలుకెళ్తున్నారు.

మా వీధి చివర సాయవ్వ అని ఒక ముసలమ్మ ఉంది. పిల్లలకి దడుపు జ్వరం వస్తే ఆమె దగ్గరికే తీసుకుపోతారు. అనసూయ నాకు చెప్పకుండా ఆమెని పిలుచుకొచ్చింది. సాయవ్వ నా కళ్లు విప్పి చూసి, కాలివేళ్లు లాగి, ముక్కు మీద వేలేసుకుంది.

"పోరగాండ్లు కుక్కను సూసి దడుసుకుంటే కుక్క ఎంటికలు తెస్తం. గీయన దేనికి దడుసుకున్నడే బిడ్డ?"

"లారీకి అవ్వా."

"ఇగ గంతే గదా. గా లారీ ఇనుము తెండ్రి. ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచి తాపుండ్రి. ఏది దడిపిచ్చిందో గదే దిగ్గొట్టాలె" అంది. ఆ వైద్యంలో ఆమెకి ఎంత నమ్మకమంటే, కాసేపటికి నాకూ పట్టుకుంది.

అనసూయ ఏనాడూ ఒంటరిగా బస్సెక్కిన మనిషి కాదు. మర్నాడు రామాయంపేట వెళ్లింది. మెకానిక్ షాపుల దగ్గర లారీల కింద తల పెట్టి "యాదగిరి ఉన్నడా" అని అడుగుతూ తిరిగిందట. చివరికి అతను దొరికాడు. మేం దావా వేసిన సేటు లారీకి డ్రైవరు, ఎదురుగా ఆ దావా వేసినవాడి పెళ్లాం, అడుగుతున్నది లారీలో ఒక ముక్క. ఎందుకో ఆమె చెప్తే అతను నవ్వలేదట. "అక్కా, జర కూసో" అని, లారీ వెనక తలుపు దగ్గరికి వెళ్లి పానా తీసుకున్నాడు. తిరిగొచ్చి ఒక బోల్టు ఆమె చేతిలో పెట్టాడు. బస్సు దాకా వచ్చి ఎక్కించాడు.

కమ్మరి కొలిమిలో ఆ బోల్టుని కాల్చి, మా ఇత్తడి చెంబులో ముంచితే లేచిన ఆవిరి చర్చి గోపురం దాకా పోయిందంటే మీరు తరుగు తీసుకోవచ్చు. నేను ఆ నీళ్లు తాగాను. తుప్పు రుచి, బూడిద రుచి, ఏదో ఇంజన్ నూనె రుచి. సాయవ్వ మూడుసార్లు నా తల మీద ఉమ్మింది. మర్నాడు రోడ్డు అంచుకి వెళ్లి నిలబడ్డాను. కాలు లేచింది. దిగలేదు. ఇంటికొచ్చి బోల్టుని కిటికీలో పెట్టి, దానివైపు వీపు పెట్టి పడుకున్నాను.

విచారణ సంగారెడ్డిలో. శివరాత్రి ఇంకో వారం ఉందనగా. దేవుడి దయవల్ల బస్సు మా ఇంటి పక్కనే ఆగుతుంది కాబట్టి వెళ్లగలిగాను. కచేరీ వరండాలో బల్ల మీద కూర్చుంటే, అక్కడికొచ్చిన వాళ్లందరూ ఏదో ఒకటి పోగొట్టుకున్నవాళ్లే అనిపించింది. వకీల్ సాబు నా కర్రని సరిగ్గా పట్టుకోవడం నేర్పాడు. అనసూయ నా పక్కనే కూర్చుంది.

సేటు తరఫు వకీలు సన్నటి మనిషి, గొంతు మాత్రం లావు. యాదగిరిని నిలబెట్టి కాసేపు అడిగాక అసలు సంగతి బయటికి తీశాడు.

"హుజూర్, ఫిర్యాదుదారు భార్య మెకానిక్ షాపుకి వచ్చి లారీ నుంచి సామాన్లు తీసుకుపోయింది. అక్కడోళ్లు చూసిండ్రు. దావాలో ఉన్న లారీ అది. పాడైన లారీ అని చూపించడానికి వీళ్లు చేసిన పని ఇది. వెనక తలుపుకి రెండు బోల్టులు లేవు."

జడ్జిగారు పెద్దాయన, దగ్గు ఉంది. అనసూయని పిలిచారు. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుని నిలబడింది.

"బోల్టు తెచ్చిన మాట నిజమేనా అమ్మా?"

"నిజమే దొర. దొంగతనం జెయ్యలే. అడిగి తెచ్చిన. ఒక్కటే తెచ్చిన."

"రెండు పోయినయి" అన్నాడు సన్నటి వకీలు. "రెండోది ఏమైంది?"

"నాకు తెల్వది. నేను ఒక్కటే తెచ్చిన."

"ఎవరిచ్చిండ్రు?"

అనసూయ కొంగు ఇంకా ముందుకి లాక్కుంది. యాదగిరి తనంతట తానే "నేనే ఇప్పిచ్చిన సాబ్" అన్నాడు. సేటు కుర్చీలోంచి సగం లేచాడు. "మరి రెండోది?" అని అడిగితే యాదగిరి తన చెప్పులు చూసుకున్నాడు. "ఊడిపోయినట్టున్నది" అన్నాడు.

"ఎందుకు కావలసొచ్చింది నీకు లారీ బోల్టు?" అని జడ్జిగారు అనసూయని అడిగారు.

ఆమె నావైపు ఒకసారి చూసింది. మా వకీల్ సాబు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆమె చూసి కూడా చూడనట్టు, "కాల్చి నీళ్లల్ల ముంచి తాపనీకి దొర. మా సారుకు దడుపు పట్టింది. కాలు మంచిగైంది గని రోడ్డు దాటలేకపోతుండు" అంది.

కచేరీ నవ్వింది. బంట్రోతు నవ్వాడు, గుమాస్తాలు నవ్వారు, కిటికీలోంచి చూస్తున్నవాళ్లు నవ్వారు. సన్నటి వకీలు "లారీని అరగదీసి తాపిచ్చిందన్నట్టు" అన్నాడు. ఇంకా నవ్వారు. జీవితమంతా నలుగురిని నవ్వించడమే పనిగా బతికినవాణ్ని, నవ్వు అంత చప్పుడు చేస్తుందని అప్పుడే తెలిసింది. అనసూయ కొంగు అంచు పట్టుకుని నిలబడే ఉంది. తప్పు మాట చెప్పానేమోనన్న భయం ఆమె మొహంలో మొదటిసారి చూశాను.

నేను లేచాను. కర్రని బల్లకి ఆనించాను. వకీల్ సాబు నా చొక్కా పట్టుకోబోయాడు. బల్ల దగ్గర నుంచి జడ్జిగారి ముందు దాకా తిన్నగా నడిచి, ఆమె పక్కన నిలబడ్డాను.

"కాలు బాగానే ఉంది" అన్నాను. "కుంటడం నేను నేర్చుకున్నది. మిగతాదంతా ఆమె చెప్పిందే. ఆ లారీ నా కాలు విరిచింది, అది అతుక్కుంది. ఇంకేదో కూడా విరిచింది. అది ఎక్కడుందో నాకు తెలియదు. శివరాత్రిలోగా రోడ్డు దాటకపోతే నా ఉద్యోగం పోతుంది." మొదటిసారి ఏదీ సాగదీయలేదు. 

జడ్జిగారు చాలాసేపు దగ్గారు. "ఈ చట్టంలో భయం అనే అవయవం లేదు మాస్టారూ" అన్నారు. అందులో వెటకారం లేదు. తర్వాత వచ్చిన తీర్పులో దవాఖానా ఖర్చులూ, కట్టు విప్పేదాకా పోయిన జీతమూ సేటు ఇవ్వాలని ఉంది. శాశ్వత అవిటితనం కొట్టేశారు. బోల్టు సంగతి ప్రస్తావించలేదు.

బయటికొచ్చాక వకీల్ సాబు పాన్ ఉమ్మేసి, "మీ ఇంటామె సచ్చా మనిషి. కేసుకు పనికిరాదు" అని వెళ్లిపోయాడు. బస్సు అప్పటికే వెళ్లిపోయింది. చింతచెట్టు కింద యాదగిరి లారీ ఉంది.

"సార్, ఖాళీగనే పోతున్న. మెదక్ల దింపుత. ఎక్కుండ్రి" అన్నాడు. నేను కదల్లేదు. అనసూయ ముందెక్కి లోపల్నుంచి చెయ్యి చాపింది. బురుజు కడుపులోకి ఎక్కినట్టు ఎక్కాను. కళ్లు మూసుకుని, డాష్‌బోర్డు పట్టుకుని కూర్చున్నాను.

కాసేపటికి ఏదో తేడాగా అనిపించింది. లారీ పోతున్నట్టే లేదు. కళ్లు తెరిచాను. ఒక ఎడ్లబండి మమ్మల్ని దాటి ముందుకి పోతోంది. ఆ బండివాడు వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. రోడ్డు పక్కన గడ్డిమోపుతో ఒకామె కనిపిస్తే యాదగిరి లారీని పూర్తిగా ఆపాడు. ఆమె పొలం గట్టెక్కి మాయమయ్యేదాకా ఆగి, మళ్లీ కదిలాడు. అద్దం ముందు పూలదండ లేదు. అతను హారన్ మీద చెయ్యి ఒక్కసారీ వేయలేదు.

"యాదగిరీ" అన్నాను.

అతను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "రెండో బోల్టు నా దగ్గరున్నది సార్. అనసూయక్క ఎందుకని చెప్పంగనే రెండిప్పిన. ఒకటి మీకు, ఒకటి నాకు. మా కమ్మరాయన కాడ కాల్పిచ్చి తాగిన. గా దినం సంది మనిషి కనబడితే మీరే కనబడుతుండ్రు. కచేరీల చెప్తే ఇగ నాకు బండెవ్వడిస్తడు? అక్కను అబద్ధాలదాన్ని జేసిన. మాఫ్ జెయ్యుండ్రి."

"తగ్గిందా మరి?" అని అనసూయ అడిగింది.

"లే అక్కా. మీకు?"

"మాకు గూడ లే" అంది. ముగ్గురం కాసేపు నవ్వాం. కచేరీలో విన్న నవ్వు కాదు ఇది.

మెదక్ చేరేసరికి చీకటి పడబోతోంది. లారీ బడి గేటు పక్కన ఆగింది. అంటే మా ఇల్లు అవతలి పక్క. అనసూయ కొంగు బిగించుకుని, వెనక్కి చూడకుండా దాటేసి, మా గడప ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. యాదగిరి దిగి నా పక్కకి వచ్చాడు.

ఆ సాయంత్రం దాటడం వల్లే శివరాత్రికి ముందు బడిలో చేరగలిగాను. ఇప్పుడు కూడా రోజూ దాటుతున్నాను. భయం పోలేదు. నాతోపాటే దాటుతుంది, కాస్త వెనకగా. అంచున నిలబడి కాలు దిగనివాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ధైర్యవంతుణ్ని తోడు వెతుక్కోకండి. మీ అంత భయపడేవాడు దొరికితే వాడి చెయ్యి పట్టుకోండి. నాకు తెలిసిన మందు అదొక్కటే.

మళ్లీ ఆ సాయంత్రానికి వస్తే, యాదగిరీ నేనూ అటు చూశాం, ఇటు చూశాం. దూరంగా ఒక సైకిలు వస్తోంది. అది వచ్చి, దాటి, చర్చి మలుపు తిరిగేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

"ఇద్దరు ఆడనే పండుకుంటరా?" అని అవతల్నుంచి అనసూయ అరిచింది. "బువ్వ వండాలె, జల్ది రాండ్రి."

"పోదమా సార్?"

"నువ్వు అటు చూడు, నేను ఇటు చూస్తా" అన్నాను.

చేతులు పట్టుకుని దిగాం. నడిరోడ్డు మీద ఒక చెయ్యి గజగజ వణికింది. అది యాదగిరి చెయ్యేనని మా బడిలో అందరికీ చెప్పాను. ఇక్కడ మాత్రం మీరు తరుగు తీసుకోవచ్చు.